అనుమానం వేరు, ఆధారం వేరు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 మా చేత పలకా బలపం పట్టించిన అయ్యవార్లలో కొందరైనా ఈరోజు మన ముందు కూర్చుని ఉండడం మా భాగ్యం. 

సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసినప్పుడు ఒక మాట అన్నాడు: "అన్నా, బడి జ్ఞాపకాలు చెప్పేవాళ్లు శానామంది ఉన్నారు. నువ్వు ముప్పై ఏండ్లుగా కోర్టుల చుట్టూ తిరుగుతున్నావు గదా, జనానికి పనికొచ్చే చట్టం సంగతి ఒకటి చెప్పు." అందుకని ఈరోజు ఉగ్రవాదం గురించి, దాన్ని అణచడానికి వచ్చిన చట్టాల గురించి, వాటి నడుమ మనబోటి మామూలు మనుషుల స్వేచ్ఛ ఏమవుతోంది అనే దాని గురించి మాట్లాడదామనుకున్నాను. పండగపూట ఇదేం విషయం అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఢిల్లీ సంగతులు, బొంబాయి సంగతులు మన తుమ్మలపల్లెకు ఎందుకు అని కూడా అనిపించవచ్చు. అందుకే దగ్గర ఊరి సంగతితోనే మొదలుపెడతాను.

రాయచోటి మొన్నమొన్నటి దాకా మన కడప జిల్లాలోని ఊరే. 2025 జూన్ నెలాఖరులో తమిళనాడు పోలీసులు అక్కడికి వచ్చి ఇద్దరిని అరెస్టు చేశారు. వాళ్లలో ఒకరి కోసం 1995 నుంచి వెతుకుతున్నారట. తమిళనాడులో, కర్ణాటకలో జరిగిన బాంబు కేసుల్లో వాళ్లు నిందితులని పోలీసులు చెప్పారు. పేర్లు మార్చుకుని, చిన్న వ్యాపారాలు చేసుకుంటూ, పెళ్లాం బిడ్డలతో అందరి మధ్యనే ఏండ్ల తరబడి ఉన్నారు. తర్వాత మన రాష్ట్ర పోలీసులు ఇండ్లు సోదా చేసి పేలుడు పదార్థాలు దొరికాయన్నారు. ఆ కేసు కోర్టులో తేలాలి. తేలేదాకా వాళ్లు నిందితులే, దోషులు కారు. నేను వాళ్ల తరఫునా మాట్లాడను, పోలీసుల తరఫునా మాట్లాడను.

ఆ వారం రోజులు జిల్లాలో మనుషులు ఏం మాట్లాడుకున్నారో మాత్రం నాకు బాగా గుర్తుంది. టీ అంగడి దగ్గర ఒకాయన అన్నాడు, "వీళ్లకు కోర్టెందుకు, అక్కడే కాల్చి పారేయాల" అని. ఇంకొకాయన, "ఆ వీధి మొత్తాన్ని పట్టుకొచ్చి నాలుగు తగిలిస్తే అన్నీ బయటికొస్తాయి" అన్నాడు. మూడో ఆయన, "ఇవన్నీ కట్టుకథలు, పోలీసులు చెప్పేది ఒక్కటీ నిజం కాదు" అన్నాడు. ముగ్గురూ మంచివాళ్లే, చదువుకున్నవాళ్లే. ముగ్గురిలో ఒక్కరు కూడా ఆధారం ఏమిటి అని అడగలేదు. నేను ఈరోజు చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

భద్రత ఒక తట్టలో, స్వేచ్ఛ ఇంకో తట్టలో పెట్టి తూకం వేయాలని చాలామంది అంటారు. ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుందని వాళ్ల లెక్క. నేను కోర్టులో చూసినంత మేరకు ఆ లెక్క తప్పు. మనిషిని పట్టుకున్నప్పుడు పాటించమని చట్టం చెప్పిన పద్ధతులు నేరస్థుడికి చేసిన ఉపకారం కాదు. అసలు దొంగను పట్టుకోవడానికి మనకున్న దారి అదే. ఆ దారి తప్పితే స్వేచ్ఛా పోతుంది, భద్రతా పోతుంది. ఇది ఎట్లా అనేది చెప్పడానికి ముందు, చట్టం ఏమంటుందో పిల్లలకు అర్థమయ్యేటట్టు నాలుగు మాటల్లో చెబుతాను.

మన రాజ్యాంగంలో 22వ అధికరణం ఉంది. ఎవరినైనా అరెస్టు చేస్తే, ఎందుకు చేశారో వాళ్లకు చెప్పాలి. తమకు నచ్చిన వకీలును కలుసుకోనివ్వాలి. ప్రయాణానికి పట్టే సమయం తీసేసి 24 గంటల్లోపల మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు దీనికి ఇంకొన్ని చేర్చింది. అరెస్టు మెమో రాయాలి, దాని మీద సాక్షి సంతకం ఉండాలి, ఇంటివాళ్లకో దగ్గరివాళ్లకో కబురు చేయాలి. పోలీసు దగ్గర చెప్పిన నేరాంగీకారం కోర్టులో సాక్ష్యంగా పనికిరాదనే నియమం బ్రిటిషువాళ్ల కాలం నుంచీ ఉంది. కొత్త సాక్ష్య చట్టంలోనూ ఉంది. ఎందుకు పెట్టారు ఆ నియమం? తెల్లదొరలకు మన మీద ప్రేమ ఎక్కువై పెట్టలేదు. కొడితే ఎవడైనా ఏదైనా ఒప్పుకుంటాడనీ, అట్లా ఒప్పుకున్నదాన్ని నమ్మితే పాలన సాగదనీ వాళ్లకూ తెలుసు.

ఉగ్రవాద చట్టాలు వచ్చినప్పుడల్లా ఈ నియమాల్లో కొన్ని సడలించారు. 1985లో టాడా వచ్చింది. ఎస్పీ స్థాయి అధికారి ముందు చెప్పిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లుతుందని అది చెప్పింది. పదేండ్లు నడిచింది. పంజాబు కోసం వచ్చిన చట్టాన్ని దేశంలో ఎక్కడెక్కడో వాడారు, మన రాష్ట్రంలోనూ వాడారు. అరెస్టయినవాళ్లు పదుల వేలలో ఉన్నారు, శిక్ష పడినవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. దాన్ని ఇక పొడిగించవద్దని 1995లో జాతీయ మానవ హక్కుల సంఘం అధ్యక్షుడు, సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ రంగనాథ్ మిశ్రా పార్లమెంటు సభ్యులకు లేఖ రాశారు. ఆ ఏడే అది ముగిసింది. 2002లో పోటా వచ్చింది, 2004లో రద్దయింది. దాంట్లోని చాలా భాగాలు 1967 నాటి చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టంలోకి, అంటే మనం పేపర్లలో చదివే 'ఉపా'లోకి చేరాయి. 2008లో బొంబాయి దాడి తర్వాత దాన్ని ఇంకా గట్టి చేశారు, ఎన్ఐఏను స్థాపించారు. 2019లో సంస్థలనే కాక వ్యక్తులను కూడా ఉగ్రవాదులుగా ప్రకటించే అధికారం కేంద్రానికి వచ్చింది.

మామూలు కేసులో పోలీసులు 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే నిందితుడికి బెయిలు హక్కు వస్తుంది. ఉపా కింద ఆ గడువును 180 రోజుల దాకా పెంచుకోవచ్చు. పోలీసు కస్టడీ 30 రోజుల దాకా ఇవ్వొచ్చు. పోలీసు కాగితాలు చూసి ఆరోపణ పైకి నిజమనిపిస్తే కోర్టు బెయిలు ఇవ్వకూడదు. నిజమో కాదో తేల్చే విచారణ ఎన్నేండ్లకు మొదలవుతుందో ఎవరికీ తెలియదు. 2016 నుంచి 2019 దాకా నాలుగేండ్లలో ఈ చట్టం కింద అరెస్టయినవాళ్లు 5,922 మంది, శిక్ష పడినవాళ్లు 132 మంది అని కేంద్ర హోంశాఖ రాజ్యసభకు చెప్పింది. ఆ ఏడు అరెస్టయినవాడి కేసు ఆ ఏడే తేలదు కాబట్టి, ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి మిగిలినవాళ్లంతా నిర్దోషులని నేను అనను. తీర్పు కోసం ఎదురు చూస్తూ లోపలున్నవాళ్ల సంఖ్య ఎంత పెద్దదో తెలియడానికి మాత్రం అది చాలు. 2021లో నజీబ్ కేసులో సుప్రీంకోర్టు, విచారణ ఏండ్ల తరబడి సాగకపోతే ఉపా కేసులోనైనా బెయిలు ఇవ్వొచ్చని చెప్పింది. 2024లో ఇంకో కేసులో, ఉపా కింద అరెస్టు చేస్తే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాల్సిందేనని తేల్చింది.

ఇప్పుడు మన హైదరాబాదులో జరిగిన రెండు సంగతులు చెబుతాను. వాటిని పక్కపక్కన పెట్టి చూడండి.

2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో మధ్యాహ్నం నమాజు వేళ బాంబు పేలింది. తొమ్మిది మంది చనిపోయారు. తర్వాత బయట జరిగిన గొడవలో పోలీసు కాల్పులకు ఇంకో ఐదుగురు పోయారు. నగరంలో కోపం, భయం. ఎవరినో ఒకరిని పట్టుకోవాలని పైనుంచి ఒత్తిడి. పాతబస్తీ నుంచి పదుల సంఖ్యలో ముస్లిం కుర్రాళ్లను ఎత్తుకెళ్లారు. కొందరిని రికార్డుల్లో లేని చోట్ల రోజుల తరబడి ఉంచారు. రాష్ట్ర మైనారిటీ కమిషన్ నియమించిన న్యాయవాది జైలుకు వెళ్లి వాళ్లతో మాట్లాడి, చిత్రహింసలు జరిగాయని నివేదిక ఇచ్చారు. సీబీఐ దర్యాప్తులో ఆ పేలుడుకు, ఈ కుర్రాళ్లకు సంబంధం కనిపించలేదు. వాళ్ల మీద పెట్టిన కుట్ర కేసుల్ని కోర్టు కొట్టేసింది. 2012లో ప్రభుత్వం నిర్దోషులుగా విడుదలైన 20 మందికి తలా 3 లక్షలు, పట్టుకుని వదిలేసిన 50 మందికి తలా 20 వేలు పరిహారం ఇచ్చింది. మొత్తం 70 లక్షలు. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది, నిర్దోషిగా విడుదలైనంత మాత్రాన పరిహారం ఇవ్వడానికి లేదంది.

మరి బాంబు పెట్టిందెవరు? కేసు నగర పోలీసుల నుంచి సీబీఐకి, 2011లో ఎన్ఐఏకి పోయింది. వేరే మనుషుల్ని, వేరే సంస్థలకు చెందినవాళ్లని నిందితులుగా పెట్టారు. 226 మంది సాక్షుల్లో అరవై మందికి పైగా అడ్డం తిరిగారు. ఒక నిందితుడు మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇచ్చి తర్వాత వెనక్కి తీసుకున్నాడు. 2018 ఏప్రిల్ 16న విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ కోర్టు నిర్దోషులుగా వదిలేసింది. పదకొండేండ్లు గడిచాయి. నమాజుకు పోయి తిరిగిరాని ఆ తొమ్మిది మంది ఇండ్లలో, మా వాణ్ణి చంపింది ఫలానావాడని చెప్పుకోవడానికి ఒక్క పేరు లేదు.

రెండోది దిల్‌సుఖ్‌నగర్. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం. బస్టాపు దగ్గర ఒకటి, మిర్చి సెంటర్ దగ్గర ఒకటి, రెండు బాంబులు పేలాయి. కడుపులోని బిడ్డతో కలిపి 18 మంది ప్రాణాలు పోయాయి. వంద మందికి పైగా గాయపడ్డారు. అప్పుడూ కోపం అంతే, ఒత్తిడి అంతే. కేసు కొన్ని వారాల్లోనే ఎన్ఐఏ చేతికి వెళ్లింది. నిందితులు దేశంలో అక్కడక్కడా పట్టుబడ్డారు. నేపాల్ సరిహద్దులో దొరికినవాళ్లూ ఉన్నారు. 157 మంది సాక్షుల్ని విచారించారు. నిందితులకు వకీళ్లు ఉన్నారు, ప్రతి సాక్షినీ అడ్డప్రశ్నలు వేశారు. 2016 డిసెంబరులో ఐదుగురికి కింది కోర్టు మరణశిక్ష వేసింది. 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు దాన్ని ధ్రువీకరించింది. మరణశిక్ష ఉండాలా వద్దా అనేది వేరే చర్చ, దానిమీద నాకు నా అభిప్రాయం ఉంది, ఈరోజు దాని జోలికి పోను. ప్రధాన నిందితుల్లో ఒకడు ఇంకా దొరకనే లేదు. అయినా ఆ పద్దెనిమిది ఇండ్లకూ ఎవరు చేశారన్నదానికి, రెండు కోర్టులు నిలబెట్టిన జవాబు ఒకటి ఉంది.

మక్కా మసీదు కేసు తొలి నెలల్లో అట్లా నడిచినందువల్లే చివరికి వీగిపోయిందని నేను ఖాయంగా చెప్పలేను. అందులో చాలా సంగతులున్నాయి, వాదనలు ఇంకా నడుస్తున్నాయి. ఒక్కటి మాత్రం ముప్పై ఏండ్ల అనుభవంతో చెప్పగలను. నేరం జరిగిన తర్వాత తొలి రోజుల్లో దొరికే ఆధారం మళ్లీ దొరకదు. సాక్షికి అప్పుడు గుర్తున్నది ఏడాదికి గుర్తుండదు. ఆ రోజుల్ని తప్పు మనిషిని కొట్టడంలో ఖర్చు పెడితే, అసలు మనిషికి బస్సెక్కి పోయే సమయం దొరుకుతుంది.

ఇది పెద్ద ఊర్ల సంగతి అనుకోవద్దు. మన జిల్లా నేలలో ముగ్గురాయి ఉంది, సున్నపురాయి ఉంది, నాపరాయి ఉంది. వాటిని తీయాలంటే జెలటిన్ స్టిక్స్ కావాలి. 2021 మే నెలలో కలసపాడు మండలం మామిళ్లపల్లె దగ్గర క్వారీలో జెలటిన్ దించుతుండగా పేలి పది మంది కూలీలు చనిపోయారు. అంటే బాంబుకు కావలసిన సరుకు ఎక్కడో సరిహద్దు అవతల కాదు, మన ఊరి పక్కనే గోడౌన్‌లో ఉంటుంది. పేలుడు పదార్థాలకు లైసెన్సు కావాలి, వచ్చిందెంత, వాడిందెంత, మిగిలిందెంత అని రిజిస్టరు రాయాలి. అమ్మోనియం నైట్రేటుకు 2012లో ప్రత్యేకంగా నియమాలు వచ్చాయి. ఉగ్రవాద నిరోధం అంటే తుపాకీ పట్టుకున్న కమాండో మనకు గుర్తొస్తాడు. నా మటుకు నాకు ఆ రిజిస్టరు గుర్తొస్తుంది.

ఎందుకంటే పదిహేనేండ్ల కిందట నా దగ్గరికి ఒక కేసు వచ్చింది. ఊరు పేరు, మనిషి పేరు చెప్పను. ఒక క్వారీ గోడౌన్‌లో ఒక పెట్టె జెలటిన్ లెక్క తేలలేదు. అక్కడ కూలికి పోయే పిల్లోడు ఒకడు, పంతొమ్మిదేండ్లుంటాయి, ఆ రెండు రోజులు పనికి రాలేదు. మేనత్త ఊర్లో తిరునాళ్లకు పోయినాడు. వాళ్ల మేనమామ మీద పాత ఫ్యాక్షన్ కేసు ఉంది. ఇంకేం కావాలి? రాత్రి వచ్చి తీసుకుపోయినారు. నాలుగు రాత్రులు ఎక్కడున్నాడో తల్లికి తెలియదు. ఐదో రోజు బస్టాండులో అనుమానాస్పదంగా తిరుగుతుంటే పట్టుకున్నామని కాగితం రాశారు. దాంతో పాటు పెట్టె నేనే తీశానని వాడు ఒప్పుకున్నట్టు ఇంకో కాగితం. వాడికి సంతకం తప్ప చదవడం రాదు.

విచారణకు వచ్చేసరికి మూడేండ్లయింది. నేను కోర్టులో అడిగింది ఒక్కటే, గోడౌన్ రిజిస్టరు తెప్పించమని. తెచ్చారు. పెట్టె పోయిందన్న తేదీకి ముందు మూడు వారాల లెక్కలు ఒకే రోజు కూర్చుని, ఒకే పెన్నుతో రాసినట్టు కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి. ఆ మూడు వారాల్లో వేసిన బొరియలకు, వాడామన్న స్టిక్స్‌కు పొంతన లేదు. సరుకు ఒక్క రాత్రి పోలేదు, రోజూ కొంచెం కొంచెం రిజిస్టరు దారినే బయటికి పోయింది. ఆ పుస్తకం మొదటి రోజు నుంచీ బల్ల మీదే ఉంది. తెరిచి చూసినవాళ్లు లేరు. అప్పటికి ఆ లెక్కలు రాసినవాడు పని మానేసి ఎటో పోయినాడు. పిల్లోణ్ణి కోర్టు వదిలేసింది. వాడు ఊర్లో ఉండలేక బెంగుళూరు చేరుకుని వాచ్‌మన్‌గా బతుకుతున్నాడు. ఆ జెలటిన్ ఎవరి చేతికి పోయిందో, దేనికి వాడారో ఈరోజుకీ ఎవరికీ తెలియదు. ఆ కేసు గెలిచానని నాకు అభినందనలు చెప్పినవాళ్లున్నారు. ఒక పెట్టె జెలటిన్ జిల్లాలో ఎక్కడో ఉండగా ఎవరు గెలిచినట్టు?

ఇంతవరకు చెప్పింది విని, ఈయన పోలీసుల మీద పడ్డాడే అని ఎవరూ అనుకోవద్దు. ఈ సభలో పోలీసు ఉద్యోగం చేసిన మన బడి పిల్లలు ఉన్నారు. వాళ్ల ఇండ్లలో రాత్రిళ్లు ఎట్లా గడిచాయో నాకు తెలుసు. కడప ఎస్పీగా పనిచేసిన ఉమేశ్‌చంద్రను ఈ జిల్లా మరిచిపోలేదు. ఫ్యాక్షన్ ఊర్లలో మామూలు జనం తలుపు తీసుకుని పడుకోగలిగారంటే ఆయన పేరు ఇప్పటికీ చెబుతారు. 1999 సెప్టెంబరు 4న హైదరాబాదు ఎస్సార్ నగర్ కూడలిలో నక్సలైట్లు ఆయన్ని పట్టపగలు కాల్చి చంపారు. దానికి పద్నాలుగేండ్ల ముందు, 1985 సెప్టెంబరు 3న, వరంగల్‌లో నక్సలైట్ల చేతిలో చనిపోయిన ఒక ఎస్సై శవయాత్ర సాగుతుండగా, ఊరేగింపులోంచి వచ్చినవాళ్లు పౌరహక్కుల సంఘం నాయకుడు, పిల్లల డాక్టరు రామనాథాన్ని ఆయన ఆసుపత్రిలోనే కాల్చి చంపారు. ఒకరు పోలీసు, ఒకరు పోలీసుల్ని ప్రశ్నించినవారు. ఇద్దరినీ చంపినవాళ్లు తామే ఆరోపణ చేసి, తామే తీర్పు చెప్పి, తామే శిక్ష వేశారు. ఫ్యాక్షన్‌లో మనం చూసింది కూడా ఇదే గదా. వాళ్లు మనవాణ్ణి చంపితే, వాళ్ల వర్గంలో చేతికి దొరికినవాణ్ణి మనం చంపడం. ప్రభుత్వం కూడా అదే పద్ధతికి దిగితే, ఇక మూడో మనిషి ఎవరుంటారు న్యాయం చెప్పడానికి?

రాష్ట్రంలో హక్కుల ఉద్యమానికి పెద్దదిక్కుగా నిలిచిన బాలగోపాల్, సాయుధ ఉద్యమాలు చేసే హింసను కూడా ప్రశ్నించాలని వాదించి, పాత సంఘం నుంచి బయటికి వచ్చారు. 1998లో మానవ హక్కుల వేదిక ఏర్పడింది. ఆ మాట అనడానికి అప్పుడు చాలా ధైర్యం కావాల్సి వచ్చింది. బాంబు పెట్టినవాడు కూడా హక్కులు కాలరాసినవాడే. చనిపోయినవాడి బతికే హక్కు కంటే పెద్ద హక్కేముంది? హక్కుల గురించి మాట్లాడేవాళ్లు ఈ మాట మొదట చెప్పకపోతే జనం నమ్మరు, నమ్మకపోవడం తప్పూ కాదు.

కఠినమైన చట్టాలు అక్కరలేదా అంటే, కొన్ని కావాలి. సాక్షులకు రక్షణ కావాలి, వేగంగా నడిచే ప్రత్యేక కోర్టులు కావాలి, పేలుడు పదార్థాల మీద, డబ్బు రవాణా మీద నిఘా కావాలి. వీటిలో ఏదీ అమాయకుణ్ణి కొట్టమని చెప్పదు. కానీ పెద్ద నేరం కోసం తెచ్చిన ఆయుధం చిన్న నేరం మీదకు జారిపోతూ ఉంటుంది. ఉగ్రవాదంతో సంబంధం లేని ఉదాహరణే చెబుతాను. 1986లో మన రాష్ట్రంలో పీడీ యాక్ట్ వచ్చింది. విచారణ లేకుండా ఏడాది దాకా నిర్బంధించే చట్టం అది. సలహా మండలి ముందు వకీలు కూడా ఉండడు. ఎర్రచందనం కేసుల పుణ్యమా అని ఆ పేరు మన జిల్లాలో పిల్లలకు కూడా తెలుసు. మామూలు మోసం కేసులకు, బెయిలు వచ్చినవాణ్ణి మళ్లీ లోపల ఉంచడానికి దీన్ని వాడుతున్నారని 2021 నుంచి 2024 దాకా తెలంగాణ నుంచి వచ్చిన కేసుల్లో సుప్రీంకోర్టు పదేపదే తప్పుపట్టింది. సలహా మండళ్లు ముద్ర వేసి పంపే పని చేయకూడదని 2024లో గట్టిగా చెప్పింది. ఎలుకల బాధకు ఇంటికి నిప్పు పెట్టుకోవద్దని మన పెద్దలు అన్నది ఇందుకే.

భద్రత పేరు చెప్పి మూసేయదగినది ఏది, మూసేయకూడనిది ఏది అన్నది తుమ్మలపల్లెవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. మన కొండల కింద యురేనియం బయటపడింది, గని వచ్చింది, కంచెలు వచ్చాయి. అణు ఇంధనం సంగతులు కొన్ని రహస్యంగా ఉండాలంటే ఒప్పుకుంటాం. మా బోరు నీళ్లలో ఏముందో చెప్పమని రైతు అడిగితే అది రహస్యం అడగడం కాదు. 2005 సమాచార హక్కు చట్టం గూఢచార సంస్థలకు మినహాయింపు ఇస్తూనే, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణల సమాచారానికి ఆ మినహాయింపు వర్తించదని 24వ సెక్షన్‌లో రాసింది. ఆ గీత ఎక్కడ గీయాలో చట్టం చేసినవాళ్లకు తెలుసు. దాన్ని గుర్తుచేస్తూ ఉండడం మన పని.

చివరగా, ఇంటికి తీసుకుపోదగ్గ నాలుగు మాటలు.

బాడుగకు ఇల్లు ఇచ్చేటప్పుడు గుర్తింపు కాగితాలు చూడండి, నకలు తీసుకోండి. అందరి దగ్గరా తీసుకోండి, ఒక మతం వాళ్ల దగ్గరో ఒక కులం వాళ్ల దగ్గరో మాత్రమే కాదు. పోలీసులకు చెప్పవలసింది కనిపిస్తే చెప్పండి. చూసిన పని గురించి, చూసిన వస్తువు గురించి చెప్పండి. మనిషి టోపీ గురించి, గడ్డం గురించి, భాష గురించి కాదు. రాత్రిపూట డ్రమ్ములు దించుకున్నారు అనేది సమాచారం. వాళ్లను చూస్తే నాకెందుకో తేడాగా ఉంది అనేది సమాచారం కాదు.

క్వారీల్లో, గనుల్లో ఉద్యోగం చేసే మన పూర్వ విద్యార్థులు ఇక్కడ చాలామంది ఉన్నారు. రిజిస్టరు ఏ రోజుది ఆ రోజు రాయండి. రాయనివ్వకపోతే పైవాళ్లకు చెప్పండి. దేశభక్తి అంటే నాకు తెలిసినంతలో అంతకంటే పెద్ద పని లేదు.

మీ ఇంట్లోనో మీ వీధిలోనో పిల్లోణ్ణి తీసుకుపోతే గాబరాపడవద్దు, గొడవకు దిగవద్దు. ఏ స్టేషనుకు తీసుకుపోతున్నారో, కారణం ఏమిటో అడగండి, రాతలో ఇమ్మనండి. టైము రాసిపెట్టుకోండి. 24 గంటలు లెక్కపెట్టండి. వకీలుకు డబ్బుల్లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100 నంబరుకు ఫోన్ చేయొచ్చు. దీన్ని ఈ బడి గోడ మీద రాయించమని ప్రధానోపాధ్యాయుల వారిని వేడుకుంటున్నాను.

ఇక పిల్లలకు. అరెస్టయినవాడి ఫొటో మీ ఫోనుకు వస్తుంది, కింద ఉగ్రవాది అని రాసి ఉంటుంది. పంపేముందు మీ లెక్కల సారును గుర్తు తెచ్చుకోండి. జవాబు ఒక్కటే రాస్తే మార్కులు వేయరు గదా, లెక్క ఎట్లా చేశావో చూపించమంటారు. కోర్టు అడిగేదీ అదే. మనమూ అదే అడుగుదాం.